నలభై రెండో నొక్కు

నువ్వు చేసే ఉద్యోగం ఏమిటని చుట్టాలు అడిగితే ఒక్క మాటలో చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. వైరు లేకుండా సంకేతాలు పంపే వస్తువు ఏదైనా యూరప్ దేశాల్లో అమ్మాలంటే అక్కడి నియమాలకు సరిపోవాలి. అలా సరిపోతుందని పరీక్షలు చేయించి, కాగితాలు సిద్ధం చేసేది నేను. ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అక్కడి ప్రభుత్వం వాళ్ళెవరూ వచ్చి మన పెట్టె మీద ముద్ర వేయరు. అన్ని నియమాలూ పాటించామని తయారుచేసినవాళ్ళే రాసి, సంతకం పెట్టి, సీఈ అనే రెండక్షరాల గుర్తు తామే అచ్చు వేసుకోవాలి. మొదటిసారి ఈ విషయం విన్నప్పుడు ఎంత సులువో అనుకున్నాను. తర్వాత తర్వాత దానికే భయపడటం మొదలుపెట్టాను.

మాది మంచిర్యాల. బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. పాలిటెక్నిక్ డిప్లొమా అయ్యాక పన్నెండేళ్ళు హైదరాబాద్‌లో ఒక టెస్టింగ్ ల్యాబులో ఉన్నాను. నా భర్తకు సుల్తానాబాద్ బడిలో పోస్టింగ్ రావడంతో కరీంనగర్‌కు మారాం. అక్కడ మంకమ్మతోటలో, ఒక బట్టల దుకాణం పైన రెండో అంతస్తులో నలుగురితో నడిచే చిన్న కంపెనీలో చేరాను. దాని యజమాని హుస్నాబాద్ మనిషి, నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. సర్క్యూటు గీయడం దగ్గర నుంచి టంకం పెట్టడం దాకా తనే చేసేవాడు.

మేం తయారుచేసిన వస్తువు పెద్దవయసు వాళ్ళు మెడలో వేసుకునే బిళ్ళ. రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దది, మధ్యలో ఒక బటన్, దాని పక్కన చిన్న ఎర్ర లైటు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు పడిపోయినా, గుండెల్లో నొప్పి వచ్చినా ఆ బటన్ నొక్కితే హాల్లో పెట్టిన డబ్బా గట్టిగా మోగుతుంది. ఆ డబ్బా నుంచి ముగ్గురికి ఫోన్లు వెళతాయి. పోర్చుగల్ నుంచి ఒక దిగుమతిదారు, పెద్దావిడ, మా నమూనా చూసి చలికాలం లోపు సరుకు కావాలని అడిగింది. ఆ దేశాల్లో ఇలాంటి అలారంల కోసమే సన్నటి ఫ్రీక్వెన్సీ పట్టీ ఒకటి విడిగా కేటాయించి పెట్టారు. మన దేశంలో ఆ పట్టీ ఫోన్ కంపెనీలది, దాని మీద మనం గాలిలోకి ఏమీ పంపకూడదు. అందుకని యూరప్‌కు వెళ్ళే బిళ్ళను ల్యాబు గది లోపలే పరీక్షించి, ఇళ్ళలో వాడి చూడటానికి మాత్రం ఇక్కడ లైసెన్సు అక్కర్లేని ఫ్రీక్వెన్సీ మీద నడిచే బిళ్ళలు కొన్ని వేరుగా చేశాం. ఆకారం, బ్యాటరీ, లోపలి యాంటెన్నా అన్నీ ఒకటే.

అలాంటి బిళ్ళ ఒకటి మా అత్తమ్మ మెడలో వేశాను.

అత్తమ్మది ఆదిలాబాద్. కరీంనగర్‌కు కాపురానికి వచ్చి నలభై ఏళ్ళు దాటినా, కోపం వస్తే ఇప్పటికీ మరాఠీ మాటలు దొర్లుతాయి. బీడీలు చుట్టి పిల్లలిద్దరినీ చదివించింది. అవసరం తీరిపోయినా చాట ఒళ్ళో పెట్టుకోనిదే ఆమెకు పొద్దు గడిచేది కాదు. బిళ్ళ సంగతి చెబితే, దొడ్లోకి పోతూ వస్తూ కూడా వేసుకునే ఉండాలా అని ఒక్కటే అడిగింది. ఉండాలన్నాను. రోజూ పొద్దున పళ్ళు తోముకున్నాక ఒకసారి బటన్ నొక్కేది, హాల్లో డబ్బా మోగేది, నేను నోటుబుక్కులో టిక్కు పెట్టేదాన్ని, ఊళ్ళో లేనప్పుడు నా ఫోన్‌కు వచ్చిన కాల్ చూసి. నలభై ఒక్క రోజులు అలా ఒక్కటీ పొల్లుపోకుండా నడిచింది.

ఆ నలభై ఒకటో రోజు నేను హైదరాబాద్ ల్యాబులో ఉన్నాను. గోడల నిండా నీలం రంగు నురుగు మొనలు అతికించిన గది అది. బయటి సంకేతాలు లోపలికి రావు, లోపలివి బయటికి పోవు. ఆ రోజు పరీక్ష మా డబ్బా చెవి ఎంత పదునో చూడటం. పక్క ఫ్రీక్వెన్సీలో పెద్ద గొంతుతో ఇంకో సంకేతం అరుస్తున్నా, బిళ్ళ పంపే సన్నటి పిలుపు డబ్బాకు వినపడాలి. మనుషుల ప్రాణాలకు సంబంధించిన పరికరం కాబట్టి ఇందులో అన్నింటికంటే కఠినమైన హద్దు మాది. అంతకుముందు రోజే బిళ్ళను ఉప్పునీళ్ళ గొట్టానికి కట్టి చూశారు. ఒంటి మీద వేసుకునే వస్తువును మనిషి మీద పెట్టి కొలవలేరు కదా, అందుకని నిలువెత్తు ప్లాస్టిక్ గొట్టంలో ఉప్పునీళ్ళు నింపి, దాన్నే మనిషి అనుకుంటారు. రెండింట్లోనూ నెగ్గాం. మధ్యాహ్నం గది తలుపు తీసుకుని బయటికి వచ్చి, బీరువాలో పెట్టిన ఫోన్ తీస్తే నా భర్త నుంచి ఏడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి.

అత్తమ్మ దొడ్లో బట్టలు ఉతికే చోట జారిపడింది. ఎడమ పక్కకు పడటంతో మణికట్టు విరిగింది. ముప్పావు గంట తడిలో అలాగే ఉండిపోయింది. పక్కింటావిడ కరివేపాకు కోసుకోవడానికి వచ్చి చూసి, నా భర్తకు ఫోన్ చేసింది. డబ్బా మోగలేదు. అందులో పెట్టిన మూడు నంబర్లు నాది, నా భర్తది, ఆదిలాబాద్‌లో ఉండే ఆడబిడ్డది; మా ముగ్గురిలో ఎవరికీ ఫోన్ రాలేదు.

నేను ఆస్పత్రికి చేరేసరికి కట్టు వేసేశారు. ఎలా ఉందని అడిగానో లేదో నాకు గుర్తులేదు. బటన్ నొక్కినవా అని అడిగింది మాత్రం గుర్తుంది.

"నొక్కిన బిడ్డా. ఎర్ర లైటు మినుకుమన్నది. లైటొచ్చింది గదా, ఎవలన్న వస్తరని ఊకున్న," అంది అత్తమ్మ.

మళ్ళీ అడిగాను. ఎన్నిసార్లు నొక్కావు, ఏ వేలితో నొక్కావు, లైటు నిజంగా చూశావా, ఎండలో మెరిసిందా. నా మొహంలో అప్పుడు ఏముందో నాకు తెలియదు. మూడోసారి అడిగేసరికి ఆమె గోడవైపు తిరిగింది.

సాయంత్రం ఇంటికి వచ్చాక నా భర్త ఆ బిళ్ళ తుడిచి, హాల్లో నిలబడి నొక్కాడు. డబ్బా వెంటనే మోగింది, నా ఫోన్‌కు కాల్ వచ్చింది. దొడ్లోకి వెళ్ళి నొక్కినా మోగింది. పడినప్పటి గాబరాలో నొక్కినట్టు అనిపించి ఉంటుంది, పాపం, అన్నాడు. నాకు ఆ మాట ఎంత ఊరటగా వినిపించిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. నోటుబుక్కు తీసి ఆ రోజు వరుసలో రాశాను: పడిపోయిన సమయంలో వాడకందారు బటన్ నొక్కలేదు, పరికరంలో లోపం లేదు.

నాలుగు రోజుల తర్వాత ఆడబిడ్డ వచ్చి అత్తమ్మను ఆదిలాబాద్ తీసుకుపోయింది. వెళ్ళేటప్పుడు అత్తమ్మ, నేను మళ్ళీ మెడలో వేసిన బిళ్ళ తీసి టీవీ పక్కన పెట్టింది.

అప్పటి నుంచి నాకు అన్నం ముందు కూర్చుంటే సయించేది కాదు. బిళ్ళ నేనే మెడలో వేసుకుని ఇల్లంతా తిరిగి నొక్కేదాన్ని. వంటింట్లో, బాత్రూమ్‌లో, దొడ్లో, మెట్ల కింద. నిలబడి, కూర్చుని, తడి చేత్తో. ప్రతిసారీ మోగేది. మోగిన ప్రతిసారీ నా రాత నిజమేనని తేలుతున్నట్టే కదా, అయినా ఇంకో మూలకు వెళ్ళి మళ్ళీ నొక్కేదాన్ని. ఎర్ర లైటు చూశానన్న మాట చెవిలో తిరుగుతూనే ఉండేది. బటన్ నొక్కకపోతే ఆ లైటు వెలగదు.

మూడు వారాలకు ల్యాబు రిపోర్టు వచ్చింది. అన్నింటిలో నెగ్గాం. యజమాని నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఏడాదిగా అతని మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

"అక్కా, పాసయినం. ఇగ సంతకం పెట్టి పంపుడే."

ఫైలు పూర్తి చేయడానికి నాకు ఇంకా ఒక కాగితం మిగిలి ఉంది. వస్తువును మనుషులు ఎలా వాడతారో, ఏ పరిస్థితుల్లో వాడే అవకాశం ఉందో ముందే ఆలోచించి, అందులో ఏ ప్రమాదముందో రాయాల్సిన కాగితం. దానికి రుజువుగా మా ఇంట్లో జరిగిన వాడకం వివరాలు జతచేద్దామని డబ్బా లోపలి చిట్టాను కంప్యూటర్‌లోకి తీశాను. అంతకుముందు నేను తేదీ, సమయం మాత్రమే చూసేదాన్ని. పూర్తి చిట్టాలో ఇంకో వరుస ఉంటుంది. బటన్ నొక్కిన ప్రతిసారీ, డబ్బాకు వినపడినా వినపడకపోయినా, బిళ్ళ తన పిలుపుకు ఒక వరుస సంఖ్య ఇస్తుంది. పాత పిలుపును ఎవరూ దొంగిలించి మళ్ళీ వాడకుండా పెట్టిన ఏర్పాటు అది.

ఆ రోజు పొద్దున అత్తమ్మ నొక్కింది నలభై ఒకటి. సాయంత్రం నా భర్త హాల్లో నిలబడి నొక్కింది నలభై మూడు. నలభై రెండు చిట్టాలో లేదు.

చాలాసేపు ఆ రెండు వరుసల మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. మధ్యలో ఇంకెవరైనా నొక్కారేమోనని ఆస్పత్రి దాకా ఆ రోజంతా మనసులో తిప్పి చూశాను. అంబులెన్సులో ఆమె మెడలోనే ఉంది. ఆస్పత్రిలో నర్సు తీసి ఒక కవర్‌లో పెట్టి ఇచ్చింది. కవర్‌లో నొక్కుకుపోయి ఉంటుందా? అయి ఉండొచ్చు. అలా అయి ఉంటే బాగుండునని నాలో ఒక మూల కోరుకుంది కూడా. కానీ ఆమె నొక్కిందని నాకు తెలుసు.

యజమానికి చూపించాను. అతను ముందు నవ్వాడు, తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"గది మన ఫ్రీక్వెన్సీ మీద నడిచే పీసు అక్కా. గా దేశానికి పోయేది వేరు. అది ల్యాబుల పాసయింది. దీనికి దానికి లంకె పెట్టకు."

యాంటెన్నా ఒకటే కదా అన్నాను. కవర్‌లో నొక్కుకుపోయిందేమో అన్నాడు. అదీ నిజమే కావచ్చన్నాను. అయితే నలభై రెండు ఏడికి పోయిందో తెలిసేదాకా ఆ ప్రమాదాల కాగితం నేను రాయలేను, నాకు రెండు రోజులు కావాలి అన్నాను. అతను తన నమూనా డబ్బా ఒకటి తీసి నా సంచి పక్కన పెట్టాడు.

మర్నాడు తెల్లవారుజామున ఆదిలాబాద్ బస్సు ఎక్కాను. జగిత్యాల, నిర్మల్ మీదుగా ఘాట్ ఎక్కి దిగేదాకా అత్తమ్మతో ఏం మాట్లాడాలో వాక్యాలు కూర్చుకుంటూనే ఉన్నాను. ఒక్కటీ నిలవలేదు. ఆడబిడ్డ ఇంటికి చేరేసరికి పదకొండు అయింది. అత్తమ్మ వరండాలో కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో చిక్కుడుకాయలు గిల్లుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. తిన్నావా అని అడిగింది.

నేను చెప్పుల్లోనే నిలబడి చెప్పేశాను. "నువ్వు నొక్కినవ్ అత్తమ్మా. మిషిన్ల రాసున్నది. నేనే నమ్మలే. నొక్కలేదని బుక్కుల రాసిన."

ఆమె చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పడేసింది.

"నీ బుక్కుల ఏం రాసినవో నాకు చదవరాదు," అంది. "గని ఆ దినం నీ మొకంల చదివిన."

నాకు ఏడుపొచ్చింది. ఆమె నన్ను ఓదార్చలేదు. కాసేపు అలాగే ఉండనిచ్చి, తర్వాత లోపలికి వచ్చి కూర్చొమ్మంది. ఆడబిడ్డ చాయ్ తెచ్చింది. చాయ్ తాగుతూ ఎలా పడ్డదీ మొదటిసారి వివరంగా అడిగాను. అంతకుముందు నొక్కావా లేదా అన్నదే అడిగాను తప్ప, ఎలా పడ్డావని అడగనే లేదు.

ఆ ఇంటి వెనక కూడా బట్టలు ఉతికే సిమెంటు చప్టా ఉంది. డబ్బాను ముందు గదిలో పెట్టి, ఆడబిడ్డను దాని దగ్గర కూర్చోమన్నాను. మోగితే మోగిందని, మోగకపోతే మోగలేదని అక్కడి నుంచే చెప్పమన్నాను. చప్టా మీద రెండు బకెట్ల నీళ్ళు గుమ్మరించి, బిళ్ళ మెడలో వేసుకుని పడుకున్నాను. అత్తమ్మ గడపలో నిలబడి చూసింది.

"గట్ల కాదు. ఎడమ పక్కకు. ఇంక జర బోర్ల పడు. చెయ్యి కిందికి పోవాలె. బిళ్ళ నీ కిందికి రావాలె."

ఆమె చెప్పినట్టు సర్దుకున్నాను. తడి చీర ఒంటికి అతుక్కుంది. బిళ్ళ నా రొమ్ముకూ సిమెంటుకూ మధ్య ఇరుక్కుంది. మొదటిసారి నొక్కాను. లోపలి నుంచి గంట వినిపించింది. రెండోసారీ మోగింది. మూడోసారి నొక్కితే ఏమీ వినపడలేదు. మెడ వంచి చూశాను, ఎర్ర లైటు మినుకుమని ఆరిపోయింది.

మోగలే, అంది ఆడబిడ్డ లోపలి నుంచి.

పదిసార్లు నొక్కితే నాలుగుసార్లు మోగలేదు. నేను ఆ తడిలోనే ఉండిపోయాను. దొరికిందన్న సంతోషం, అది దొరికినందుకు భయం, రెండూ ఒకేసారి వచ్చాయి. ల్యాబులో ఉప్పునీళ్ళ గొట్టం నిలువుగా నిలబడి ఉంటుంది. మనిషి బటన్ నొక్కేది పడిపోయాక. అప్పుడు కింద తడి నేల, పైన ఒళ్ళు. ఆ మధ్యలో ఇరుక్కున్న యాంటెన్నా బలమంతా ఒళ్ళూ నేలా తాగేస్తాయి. ఇంకోటి, అంతకంటే ఘోరమైనది. ఆ లైటును మేం బిళ్ళ పిలుపు పంపినప్పుడు వెలిగేలా పెట్టాం, డబ్బాకు వినపడినప్పుడు కాదు. పిలుపు చేరలేదు, లైటు మాత్రం వెలిగింది. అది నమ్మి అత్తమ్మ రెండోసారి నొక్కలేదు.

అత్తమ్మ నాకు చెయ్యి అందించబోయి, కట్టు గుర్తొచ్చి, రెండో చెయ్యి అందించింది.

కరీంనగర్‌కు తిరిగి వచ్చి నోటుబుక్కులో ఆ వాక్యం కొట్టేసి, పక్కన జరిగింది రాసి, తేదీ వేశాను. యజమానికి అంతా చెప్పాను. అతను వాదించలేదు. బిళ్ళ విప్పి, లోపల యాంటెన్నా తీగ ఒంటివైపు ఉన్న చోటును వేలితో తడుముతూ కూర్చున్నాడు. ఆ తీగ అక్కడ పెట్టింది తనే. రెండు రోజులు నాతో పని మాటలు తప్ప ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు, పోర్చుగల్ ఆవిడకు నువ్వే చెప్పక్కా, నాకు నోరు రాదన్నాడు.

ఆ వీడియో కాల్‌కు ముందు ఒక గంటలో నాలుగుసార్లు మంచినీళ్ళు తాగాను. పరీక్షల్లో నెగ్గామని ఆవిడకు ముందే తెలుసు. మేం చెప్పకపోతే ఎవరికీ తెలిసే దారి లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నా ఇంగ్లీషులో, కాగితం చూసుకుంటూ, జరిగింది జరిగినట్టు చదివాను. పడింది మా అత్తమ్మ అని కూడా చెప్పాను. ఆవిడ ముందు అత్తమ్మ చెయ్యి ఇప్పుడు ఎలా ఉందని అడిగింది. ఆపైన మెత్తగానే, అయితే ఈ చలికాలానికి సరుకు తీసుకోలేను అంది. అమ్మేది తను కాబట్టి ఆ బాధ్యత తన మీద కూడా ఉంటుందని, బాగు చేసి మళ్ళీ పరీక్షించాక రమ్మని చెప్పింది. ఆర్డర్ వస్తుందో రాదో తెలియకుండానే ఆ మాట పట్టుకుని ఎనిమిది నెలలు పనిచేశాం.

యాంటెన్నాను ఒంటికి దూరంగా, బిళ్ళ అంచుకు జరిపాం. డబ్బా నుంచి జవాబు వచ్చేదాకా బిళ్ళ పిలుస్తూనే ఉండాలని, జవాబు వచ్చాకే లైటు వెలిగి చిన్నగా అదరాలని నిర్ణయించాం. ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. ఆ సన్నటి పట్టీని అందరి అలారంలూ పంచుకోవాలి కనుక, ఏ పరికరమూ గంటలో నాలుగు సెకన్లు కూడా గాలిని వాడకూడదని నియమం. పడిపోయి ఉన్న మనిషికి కూడా అంతకు మించి అరిచే హక్కు లేదు. యజమాని పిలుపును కుదించి కుదించి, ఒక్కో పిలుపుకూ మధ్య వ్యవధి పెంచి, ఆ నాలుగు సెకన్లలో ఎన్ని పిలుపులు పడతాయో కాగితాల మీద కాగితాలు లెక్క వేశాడు. ఏది మార్చినా పాత రిపోర్టు పనికిరాదు. మొదటి నుంచి అన్ని పరీక్షలూ మళ్ళీ చేయించాం. ఒకదాంట్లో ఓడిపోయాం, సరిచేసి మళ్ళీ వెళ్ళాం. ఉప్పునీళ్ళ గొట్టాన్ని తడి సిమెంటు పలక మీద పడుకోబెట్టి కొలవమని అడిగితే, ప్రమాణంలో అలాంటిది లేదు మేడం అన్నాడు ల్యాబు ఇంజనీరు. రిపోర్టులో పెట్టొద్దు, నాకోసం చేయండి అన్నాను. చేశాడు. డబ్బా ప్రతిసారీ మోగింది. ఆ ఫలితం నేను ప్రమాదాల కాగితంలో రాసుకున్నాను.

అత్తమ్మ ఉగాది తర్వాత కరీంనగర్ వచ్చేసింది. వేళ్ళు బాగానే ఉన్నాయి గాని మణికట్టు పూర్తిగా తిరగదు, బీడీ చుట్టలేదు. చాట అటక మీదికి పోయింది. ఆ సంగతి మేమిద్దరం మాట్లాడుకోం. నా మాట మీద నమ్మకం ఆమెకు పూర్తిగా తిరిగి వచ్చిందని నేను అనుకోను. కొత్త బిళ్ళ తెచ్చి ఇస్తే మెడలో వేసుకునే ముందు, ఇది నువ్వు తడిల పండుకొని చూసినవా అని అడిగింది. చూశానన్నాను.

ఆ సంవత్సరం చలికాలం ముందు పోర్చుగల్‌కు మొదటి సరుకు పోయింది, ముందు అడిగినదాంట్లో సగం. నియమాలన్నీ పాటించామన్న ప్రకటన మీద యజమాని సంతకం పెడుతుంటే నేను పక్కనే నిలబడి ప్రతి పేజీ మళ్ళీ చూశాను. పెట్టెలు వెళ్ళిపోయాక నాకు నెమ్మది వస్తుందనుకున్నాను. రాలేదు. నేను ఎప్పుడూ చూడని ఊళ్ళలో, నాకు తెలియని ముసలివాళ్ళు ఏ నేల మీద ఎలా పడతారోనని ఇంట్లో పనులు చేసుకుంటూ ఆలోచించేదాన్ని. ఆఫీసు నుంచి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అత్తమ్మ మూడో రింగు దాకా ఎత్తకపోతే కుర్చీలోంచి లేచి నిలబడేదాన్ని.

జనవరిలో పోర్చుగల్ ఆవిడ దగ్గర నుంచి ఒక మెయిల్ వచ్చింది. శీర్షికలో మా వస్తువు పేరు, దాని పక్కన వాడకందారుల నుంచి ఫిర్యాదు అని ఉంది. గంటసేపు దాన్ని తెరవలేకపోయాను. చివరికి యజమానిని పిలిచి, అతను పక్కన నిలబడ్డాకే తెరిచాను. బిళ్ళతో పాటు ఇచ్చే కాగితంలో అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయట, పెద్దవాళ్ళకు చదవడానికి కష్టంగా ఉందట. అంతే.

ఆ సాయంత్రమే కూర్చుని అక్షరాలు పెద్దవి చేశాం.